ముందు పలక చూడాలి

నాలుగేళ్ల కిందట జూన్ నెలలో, బడి తెరిచిన రెండో రోజున ఒక పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని వచ్చాడు. కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఉన్న మా ఊళ్లో ఇంకా ఎద్దులతోనే సేద్యం చేస్తున్న కొద్దిమందిలో ఆయన ఒకడు. పిల్లవాణ్ణి నా బల్ల ముందు నిలబెట్టి, "కళ్లు రెండూ వదిలిపెట్టి ఎక్కడైనా కొట్టు తల్లీ, చదువు మాత్రం రావాలి" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తనకున్న ఒక్కగానొక్క మనవణ్ణి నాకు అప్పగిస్తూ, నా మీద నమ్మకం ఉందని చెప్పడానికి ఆయనకు తెలిసిన మాట అదే.

ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట వింటూనే ఉన్నాను. దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించే ఇంకో మాట శిక్షణ తరగతుల్లో వింటుంటాను. పిల్లల్ని మెచ్చుకోండి, చప్పట్లు కొట్టించండి, చేతి మీద నక్షత్రం గీయండి అంటారు. బెత్తం నుంచి చప్పట్ల దాకా వచ్చాం కాబట్టి చాలా దూరం నడిచామని మా వాళ్లందరి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. బెత్తం పట్టిన రోజుల్లో నేను పిల్లల పలకలు చూడలేదు. చప్పట్లు కొట్టించిన రోజుల్లోనూ చూడలేదు. ఫలితం ఒక్కటే చూసి, దాన్ని బట్టి ఒక చోట దెబ్బ వేశాను, ఒక చోట శభాష్ అన్నాను. పిల్లవాడు ఏం ఆలోచించి అలా రాశాడో రెండు చోట్లా నాకు తెలియలేదు.

ఆ పెద్దాయన మనవడి సంగతి చెబుతాను. బడిలో చేరిన వారానికి ఒకటి నుంచి పది దాకా రాయమన్నాను. అంకెలు ఇంట్లోనే నేర్చుకుని వచ్చాడు. పలక తెచ్చి నా ముందు పెట్టాడు. పై వరుసలో 1 2 3 4 5 అని ఉంది. కింది వరుసలో 10 9 8 7 6 అని ఉంది. పక్కనున్న పిల్లలు నవ్వారు. చెరిపి మళ్లీ రాయమని చెప్పబోయి ఆగి, "ఎక్కడ మొదలుపెట్టావో వేలితో చూపించు నాయనా" అన్నాను. 1 మీద వేలు పెట్టి 5 దాకా జరిపాడు. అక్కడికి పలక అంచు వచ్చింది. వేలు ఎత్తకుండా కిందికి దించి 6 మీద పెట్టాడు. అక్కడి నుంచి కుడి నుంచి ఎడమకు ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది.

"చివరికి వచ్చింది కదా టీచర్, తిరిగాను" అన్నాడు.

వాళ్ల తాత మడక తిప్పినట్టే తిప్పాడు. నాగలిని మా వైపు మడక అంటారు. గట్టు రాగానే రైతు ఎద్దుల్ని అక్కడే తిప్పి రెండో చాలు, అంటే దున్నిన గీత, పడతాడు. ఖాళీ మడకతో మళ్లీ మొదటి గట్టు దాకా నడిచి వచ్చి దున్నే రైతు ఉండడు. రాత ప్రతిసారీ ఎడమ అంచు నుంచే మొదలవ్వాలన్నది మనం పెట్టుకున్న కట్టుబాటు. అది ఆ పిల్లవాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నాతో సహా. నేను పలక మాత్రమే చూసి, వేలు కదిలిన తీరు చూడకపోయి ఉంటే, వాడికి అంకెల వరుస రాదని రాసుకుని ఉండేదాన్ని. నిజానికి వరుస వాడికి తిరుగులేకుండా వచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మాకు దగ్గర్లోనే తుగ్గలి మండలం ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్న గుట్ట ఉంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటి రాత అది. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి, అచ్చం మా పిల్లవాడి పలక లాగా. తల్లిదండ్రుల మాట వినాలనీ, శిష్యుడు గురువును గౌరవించాలనీ ఆ శాసనం చెబుతుంది. గురువును గౌరవించమన్న మాటను ఉపాధ్యాయ దినోత్సవం నాడు వేదికల మీద గుర్తుచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట చెక్కిన చెయ్యి చాలు తిప్పినట్టు తిరిగిన సంగతి కూడా పిల్లలకు చెప్పాలని నా కోరిక.

ఈ అడిగే అలవాటు నాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. 2003లో ఉద్యోగంలో చేరినప్పుడు కోసిగి వైపు ఒక పల్లెలో వేశారు. మూడో తరగతికి ఒకరోజు అంకెలు చెప్పి రాయించాను. ఒక అబ్బాయి నూట ఐదుకు 1005 అని రాశాడు. రెండు వందల ముప్పైకి 20030. మూడు వందల పన్నెండుకు 30012. పది అంకెలు చెబితే పదీ తప్పు. అరచేతి మీద మూడు దెబ్బలు వేశాను. దెబ్బల కంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. పలకను తరగతి వైపు తిప్పి పట్టుకుని "ఈ మొద్దును చూడండి" అన్నాను. ఆ అబ్బాయి కొన్నాళ్లు వచ్చాడు, తర్వాత మేకల వెంట పోయాడు. వాళ్ల ఇంట్లో కష్టాలు ఉన్నాయి. బడి మానడానికి కారణం అవే కావచ్చు. అయినా ఆ పలకను తిప్పి పట్టుకున్న చెయ్యి నాదే.

కొన్నేళ్ల తర్వాత మా అమ్మాయి ఇంట్లో కూర్చుని నూట ఆరును 1006 అని రాసింది. దాన్ని కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని "ఎలా రాశావమ్మా" అని అడిగాను. "నూరు రాశాను, పక్కన ఆరు రాశాను" అంది. ఆ క్షణంలో కోసిగి పిల్లవాడి పలక మొత్తం నాకు చదవడం వచ్చింది. వంద ఎలా రాయాలో వాడికి తెలుసు, ఐదు ఎలా రాయాలో తెలుసు. చెవికి వినిపించిన వరుసలోనే పక్కపక్కన పెట్టాడు. తెలుగు రాతలో మనం నేర్పేదీ అదే కదా, పలికినది పలికినట్టు రాయమని. పదికి పది ఒకే రకంగా తప్పు రాసిన పిల్లవాడు ఆలోచన లేనివాడు ఎలా అవుతాడు? ఒక నియమం పట్టుకుని, పదిసార్లూ దాన్ని తప్పకుండా పాటించాడు. వాడికి కావలసినది పది పుల్లల కట్టలు, వంద పుల్లల కట్ట ఒకటి, నా సమయం ఒక గంట. సొంత బిడ్డకు అడగకుండానే ఇచ్చిన ఆ గంటను పరాయి బిడ్డకు ఇవ్వలేదు. ఈ వ్యాసంలో నేను వాదించేదంతా ఆ గంట గురించే.

బెత్తానికీ చప్పట్లకూ చుట్టరికం ఉందని నేను అంటే కొందరు ఒప్పుకోరు. వాళ్లకు మన ప్రాంతపు పాత సంగతి ఒకటి చెబుతాను. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో జిల్లాల్లో చదువు ఎలా ఉందో నివేదికలు పంపమన్నాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక ఇప్పటికీ దొరుకుతుంది. ఆదోని, గుత్తి, అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలోవే కాబట్టి అది మన ముత్తాతల బళ్ల గురించి రాసినదే. తెల్లవారి అందరికంటే ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా. మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఎక్కువ. చదవని పిల్లల్ని రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారని కూడా రాశాడు. మా తాతల కాలం దాకా కోదండం అని పిలిచిన శిక్ష అదే. గుంజీల సంగతి కూడా అందులో ఉంది.

ఆ వరుసను ఒక్కసారి మనసులో నిలబెట్టుకుని చూడండి. సరస్వతి పేరు, సున్నా, ఒక దెబ్బ, రెండు దెబ్బలు, అన్నీ ఒకే తాటి మీద ఉన్నాయి. ఒక చివర మెప్పు, ఇంకో చివర దెబ్బ. చివర వచ్చిన పిల్లవాడు ఎందుకు ఆలస్యమయ్యాడు, మొదట వచ్చినవాడికి పాఠం వచ్చిందా లేదా అన్నవి ఆ వరుసలో ఎక్కడా లేవు. ఇవాళ మనం దెబ్బల చివరను చట్టంతో కత్తిరించాం. అది గొప్ప పనే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. "మొద్దు" అన్న మాట ఆ రెండో దాని కిందికి వస్తుందని నేను నా తోటివారికి చెబుతూనే ఉంటాను. అయితే వరుస మిగిలే ఉంది. తాడు రెండో చివరను మనం ఇంకా గట్టిగా పట్టుకుని ఊపుతున్నాం.

చప్పట్లు పిల్లల్ని ఏం చేస్తాయో నేను దగ్గర నుంచి చూశాను. నా తరగతిలో ఒక అమ్మాయికి ప్రతిదానికీ చప్పట్లే. అన్నిటికీ ముందు చెయ్యెత్తేది. "తెలివైన పిల్ల" అని నేనే అందరి ముందు పదే పదే అన్నాను. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల చెయ్యెత్తడం తగ్గించింది. జవాబు ఖాయంగా తెలిస్తేనే లేచేది. భిన్నాలు మొదలైన వారం, నోటు పుస్తకంలో పేజీలు చింపి ఉండటం గమనించాను. తప్పు వచ్చిన పేజీని నేను చూడకముందే చింపేసేది. దెబ్బ తిన్న పిల్లవాడు పలకను వీపు వెనక దాచుకుంటాడు. ఈ పిల్ల పేజీ చింపింది. ఇద్దరూ తమ తప్పును నాకు కనపడనివ్వలేదు. అంటే నాకు పని చెయ్యడానికి మిగిలిందేమిటి?

1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల సంగతి ఆ తర్వాత చదివాను. ఒక పరీక్ష పెట్టి, కొందరితో "నువ్వు తెలివైనదానివి" అన్నారు. కొందరితో "బాగా కష్టపడ్డావు" అన్నారు. తర్వాత ఏ పని చేస్తారో ఎంచుకోమంటే, తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తేలికైన పనినే ఎంచుకున్నారు. కష్టమైన పరీక్ష ఎదురయ్యాక వాళ్ల మార్కులు తగ్గాయి కూడా. చదువుతున్నంతసేపూ ఆ పిల్ల చింపిన పేజీలే నా కళ్ల ముందు ఉన్నాయి. దాని తెలివి తగ్గలేదు. తెలివైన పిల్ల అన్న పేరును కాపాడుకునే బరువు నేను నెత్తిన పెట్టాను.

మరి పిల్లల్ని మెచ్చుకోవద్దా అని అడుగుతారు. మెచ్చుకోవాలి, అయితే చూసి మెచ్చుకోవాలి. "నిన్న ద్విత్వాలకు వత్తు పెట్టడం మరిచిపోయావు, ఇవాళ మూడు చోట్ల గుర్తుపెట్టుకున్నావు" అంటే ఆ పిల్లకు తాను ఏం చేసిందో తెలుస్తుంది. శభాష్ అంటే నాకు ఏం నచ్చిందో మాత్రమే తెలుస్తుంది, కొన్నిసార్లు అదీ తెలియదు.

వలస పిల్లల దగ్గర నేను నేర్చుకున్నది ఇంకా ఎక్కువ. మా పడమటి మండలాల నుంచి ఏటా వానలు మోసం చేసినప్పుడల్లా కుటుంబాలు గుంటూరు మిరప చేలకు వెళతాయి. ఊళ్లో పిల్లల్ని అట్టిపెట్టడానికి సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. అయినా పసిబిడ్డలను చూసుకునే పెద్దమ్మాయిలను తల్లులు వెంట తీసుకుపోతూనే ఉంటారు. అలా వెళ్లిన పదకొండేళ్ల అమ్మాయి మూడు నెలల తర్వాత తిరిగి వచ్చింది. ఐదో తరగతి. గుణకారం ఇచ్చాను, 46ను 35తో. ఐదుతో గుణించి 230 రాసింది. మూడుతో గుణించి సరిగ్గా దాని కిందే 138 రాసింది. కలిపి 368 అంది. రెండో వరుసలో ఒక స్థానం జరపాలన్నది మరిచిపోయింది. మూడు నెలలు బడికి రాని పిల్ల కదా, మొదటి నుంచి చెప్పాల్సిందే అని మామూలుగా అనుకుంటాం.

పెన్సిలు పక్కన పెట్టమని, గుంటూరు కబుర్లు అడిగాను. వాళ్ల అమ్మ కూలి లెక్క తానే పెట్టిందట. "అమ్మ 46 రోజులు పోయింది టీచర్, రోజుకు మూడు వందల యాభై" అంది. మొత్తం ఎంత అని అడిగాను. కళ్లు పైకెత్తి, "పది రోజులకు మూడు వేల ఐదు వందలు, నలభైకి పద్నాలుగు వేలు, ఆరు రోజులకు రెండు వేల నూరు, పదహారు వేల నూరు. మేస్త్రీ అడ్వాన్సు పట్టుకున్నాక మిగిలింది తక్కువే" అంది. కాగితం లేదు, వేళ్లు లేవు.

"సరే, రోజుకు ముప్పై ఐదు రూపాయలే అనుకో. 46 రోజులకు 368 ఇస్తే తీసుకుంటావా?" అన్నాను.

ఒక్క క్షణం ఆగింది. "పది రోజులకే మూడు వందల యాభై అవుతుంది. మోసం టీచర్!" అని, నేను చెప్పకముందే పుస్తకం లాక్కుని 138 మీద వేలు పెట్టింది. "ఇది మూడు కాదు, ముప్పై" అంది. నేను ఏమీ నేర్పలేదు. ఆ పిల్లకు వచ్చిన లెక్కను పుస్తకంలోని లెక్క పక్కన పెట్టానంతే. ఆ రోజు ముఖంలో కనిపించిన వెలుగు ఏ చప్పట్లకూ రాలేదు. ఇలా అంటున్నానని ఆ మూడు నెలలు మంచివని అనుకోవద్దు. ఆ పిల్ల ఉండాల్సిన చోటు బడి. కానీ వెళ్లి వచ్చిన పిల్లను ఖాళీగా వచ్చిందని అనుకుని మొదలుపెట్టడం మన తప్పు.

భాష విషయంలోనూ ఇదే. నూనెగింజల పంట ఒకటి రాయమంటే ఒక బాబు "శనక్కాయలు" అని రాశాడు. పుస్తకంలో వేరుశనగ అని ఉందని, మూల్యాంకనంలో దానికి సున్నా పడింది. ఎకరాలకు ఎకరాలు ఆ పంటే వేసే నేలలో, ఇంటిల్లిపాదీ కాయలు వలిచే ఇంట్లో పుట్టిన బిడ్డకు! ఆదోని వైపు కొన్ని ఇళ్లలో కన్నడం, కర్నూలు పట్టణంలో చాలా ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. ఆ పిల్లలు మొదటి నెలల్లో నోరు విప్పకపోతే మందబుద్ధి అని ముద్ర వేయడం నేను విన్నాను. భయం, ఆందోళన లేకుండా పిల్లలు తమ అభిప్రాయాలు చెప్పగలగాలని అదే విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో రాసి ఉంది. ఇంటి మాటకే సున్నా వేస్తే ఇక ఏ అభిప్రాయం చెబుతారు?

నా తోటి ఉపాధ్యాయులు ఇదంతా విని ఒకటే అడుగుతారు. ఒక్కరే ఉండి రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో, రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం, యాప్‌లలో ఫొటోలు అన్నీ చేస్తూ ప్రతి పలకా ఎలా చూడాలి అని. న్యాయమైన ప్రశ్న. ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలని చట్టమే చెప్పింది. ఒక ఉపాధ్యాయుడు ఐదు తరగతులు మోసే బడి ఉన్నంతకాలం ఆ తప్పు ఉపాధ్యాయుడిది కాదు. అది గట్టిగా అడగాల్సిన విషయం, నేను అడుగుతూనే ఉన్నాను. కానీ ఆ లోటు తీరేదాకా ఆగలేం కదా. నేను రోజుకు ఐదు పలకలు చూస్తాను. నలభై మంది ఉంటే ఎనిమిది రోజుల్లో అందరివీ అవుతాయి. "ఎలా చేశావు" అని ఒక్కటే ప్రశ్న, జవాబు ఒక పుస్తకంలో రాసుకుంటాను. మొన్న తీసివేతల్లో 52 నుంచి 27 పోతే 35 అని రాసినవాళ్లు తొమ్మిదిమంది తేలారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశారు, తొమ్మిదిమందీ. విడివిడిగా చూస్తే తొమ్మిది బాధలు. పుస్తకంలో చూస్తే ఒకటే పాఠం. పది పుల్లల కట్ట విప్పి చూపించడానికి నలభై నిమిషాలు పట్టింది. పలకలు చూడటం వల్ల సమయం పోతుందన్న మాటకు నా దగ్గరున్న జవాబు అదే.

భయం లేకపోతే పిల్లలు చదవరని ఆ పెద్దాయన కూడా చాన్నాళ్లు నమ్మాడు. చేలో పని లేని రోజున బడి అరుగు మీద కూర్చుని వినేవాడు. మనవడి పలక సంగతి ఒకరోజు చెప్పాను. చాలాసేపు నవ్వి, "నేను కూడా అట్లాగే రాసి ఉంటానేమోనమ్మా, రెండో రోజుకే బడి మానేశాను" అన్నాడు. ఆ తర్వాత కొట్టమన్న మాట ఆయన నోట రాలేదు.

మరుసటి జనవరిలో పిల్లలను ఎర్రగుడి గుట్టకు తీసుకెళ్లాను. ఎండ ఇంకా ముదరలేదు. బ్రాహ్మీ లిపిలో క అనే అక్షరం అచ్చం కూడిక గుర్తులా ఉంటుందని ముందే చెప్పాను. బండల మీద అందరూ కూడికలు వెతకడం మొదలుపెట్టారు. పలక మీద చాలు తిప్పిన మా వాడు మాత్రం వెతకడం ఆపి, వేలు గాలిలో పెట్టి ఒక పంక్తి వెంట కుడికి నడిపాడు. చివర ఆగి నా వైపు చూశాడు.

"టీచర్, ఇక్కడి నుంచి ఎటు చదవాలి?"

తిరిగి చూడమన్నాను. వేలు పక్కకు తీయకుండా కింది పంక్తిలోకి వచ్చి, ఎడమ వైపు నడుస్తూ పోయాడు.